గెనిమ మీద నడకకు టికెట్టు

వరి మడిని ఊరికే చూడకూడదు. ఊరికే చూస్తే బురద, జలగలు, యూరియా సంచి, గట్టు మీద విడిచిన చెప్పుల జత తప్ప మరేమీ కళ్లబడవు. అదే మడిని సముద్రం దాటిపోయి, బాలి విమానాశ్రయంలో వీసాకు ఐదు లక్షలు కట్టి (ఇండోనేషియా రుపియాలు లెండి, గుండె పట్టుకోకండి), 2024 ఫిబ్రవరి నుంచి విదేశీయుల దగ్గర వసూలు చేస్తున్న ఇంకో లక్షా యాభై వేలూ కట్టి, ఏసీ కారులో పోయి చూస్తే అప్పుడు దాంట్లో ప్రకృతి కనిపిస్తుంది. డబ్బు కట్టిన కంటికే పచ్చదనం ఆనుతుందని శాస్త్రం. ఏ శాస్త్రమని అడక్కండి, పర్యాటక శాస్త్రం.

2025–26లో క్వింటా సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 2,369 రూపాయలు. ఆ వీసా ముద్ర ఒక్కటే మన డబ్బుల్లో అంతకంటే ఎక్కువ పడుతుంది. అంటే మా కడప జిల్లా ఖాజీపేట రైతు క్వింటా వడ్లు అమ్ముకుని పోయినా, బాలి వరి పైరును చూడటానికి వీసా కౌంటరు కూడా దాటలేడు. ఇందులో అన్యాయమేమీ లేదు. పండించేవాడికి చూసే పనేముంది?

చూసే పని ఎవరికుందో మా కడపలో అందరికీ తెలుసు. ఎరువుల అంగడి వాళ్లకుంది. సీజన్లో ఇన్ని పెట్టెల మందు అమ్మితే కంపెనీ వాళ్లు విదేశీ టూరు తిప్పుతారు. ఈ ఏర్పాటును నేను ఎప్పుడూ విమర్శించలేదు, పైగా దాంట్లోని పొందిక చూసి మురిసిపోతాను. రైతు అప్పు మీద మందు తెచ్చుకుని మడికి కొడతాడు. ఆ అమ్మకాల పుణ్యాన అంగడాయనకు బాలి వస్తుంది. ఆయన అక్కడికి పోయి గెనిమ (మడి గట్టు) మీద నిలబడి, గుండెల నిండా గాలి పీల్చి, ‘అబ్బ, ఒక్క మందు వాసన లేదే’ అని ఆశ్చర్యపోతాడు. మడిలో బయలుదేరిన డబ్బు చివరికి మడి దగ్గరికే చేరింది. కాకపోతే మడి మారింది.

అక్కడి ఒక పూట యాత్ర ఎట్లా నడుస్తుందో పోయొచ్చిన వాళ్లు ఫోన్లు ముఖాన పెట్టి చూపించగా చూపించగా నాకు కంఠతా వచ్చింది. పొద్దున్నే హోటలు గుమ్మంలో కారు ఆగుతుంది. డ్రైవరే గైడు. ఉబుద్ ఊరికి ఉత్తరాన తెగలలాంగ్ అనే చోట లోయకు రెండు వైపులా మెట్లు మెట్లుగా మళ్లు. చూడాల్సింది అదే. అయితే దాన్ని చూడటానికి ముందు కొన్ని లాంఛనాలున్నాయి. కొబ్బరి చెట్లకు కట్టిన పెద్ద ఊయల ఎక్కాలి. ఎక్కడానికి ఎర్రటి పొడుగు గౌను అద్దెకు తీసుకోవాలి. దాని తోక మూడు మనుషుల పొడుగు ఉంటుంది, గాలిలో అది విప్పారితేనే ఫొటో. మైదుకూరు వైపు నాట్లు వేసే ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు మోకాళ్ల పైకి దోపుకుని మడిలోకి దిగుతారు, పాపం వాళ్లకు ఈ సంగతి తెలీదు. తర్వాత కావడి బుట్టలు భుజాన వేసుకున్న ఒక ముసలాయన నవ్వుతూ ఎదురొస్తాడు. పక్కన నిలబడి ఫొటో తీసుకోవచ్చు, చేతిలో ఏదో పెట్టాలి. ఇంకొంచెం ముందుకు పోతే గెనిమ మీద ఒక డబ్బా ఉంటుంది. ఆ గెనిమ ఎవరి పొలానిదో వారికి దారి ఖర్చు అందులో వేసి దాటాలి. మన దగ్గర గెనిమ దాటితే తిడతారు, జానెడు చెక్కితే కోర్టుకు పోతారు, అంతే తప్ప డబ్బా పెట్టాలని మూడు తరాల్లో ఒక్కరికీ తోచలేదు.

మళ్ల తర్వాత కాఫీ. పునుగుపిల్లి జాతి జంతువు కాఫీ పండ్లు తిని విసర్జించిన గింజలను కడిగి, వేయించి, పొడి కొట్టి ఇస్తారు. మన పునుగుపిల్లికి తిరుమల వెంకన్నకు తైలం సమర్పించడం వరకే తెలుసు, ఈ రెండో ఆదాయ మార్గం దాని దృష్టికి రాలేదు. చివరికి తెగెనుంగన్ జలపాతం. కిందికి దిగడానికి వందకు పైగా మెట్లు. దిగేటప్పుడు అందరూ భార్యాభర్తలే, ఎక్కేటప్పుడు ఎవరికి వారే.

ఈ మొత్తం పూటలో గైడు చెప్పే మాటలు కొన్ని ఉంటాయి, వాటిని వినకపోవడం యాత్రలో ముఖ్యమైన భాగం. మా వాళ్లు ఒక్కరూ వినలేదు, అందుకే నేను వేరే మార్గాల్లో తెలుసుకోవాల్సి వచ్చింది. ఆ మళ్ల వెనక సుబక్ అనే ఏర్పాటు ఒకటుంది. తొమ్మిదో శతాబ్దం నాటిది. ఒకే కాలువ నీళ్లు తాగే రైతులంతా ఒక సంఘం, వాళ్లకొక పెద్ద, వాళ్లకొక నీటి గుడి. ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు, ఎవరు ఎప్పుడు నాటాలి, ఎప్పుడు బీడు పెట్టాలి అనేది గుడి దగ్గర కూర్చుని తేల్చుకుంటారు. పై రైతు కింది రైతుకు నీళ్లు వదిలేది దయతో మాత్రమే కాదు. అందరూ కలిసి నాటి, కలిసి కోసి, కలిసి బీడు పెడితే పురుగుకు తిండి దొరక్క చస్తుంది. కింది వాడు నీళ్లు లేక ఆలస్యంగా నాటితే వాడి మడిలో బతికిన పురుగు మళ్లీ పైకే వస్తుంది. 1970ల్లో హరిత విప్లవం పేరుతో అధికారులు ‘గుడి మాట పక్కన పెట్టండి, ఎవరి వీలును బట్టి వాళ్లు ఏడాదికి ఎన్ని కార్ల పంటయినా పండించండి’ అన్నారు. పురుగు విరగబడింది, నీళ్లకు కటకట వచ్చింది, చివరికి మళ్లీ పాత లెక్కకే రావాల్సి వచ్చింది. ఈ పంపకానికే 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది. ఆ జాబితాలో ఉన్న జాతిలువి మళ్లు ఇంకా దూరం, ఒక పూటలో కుదరదు. కాబట్టి మనవాళ్లు ఊయల ఉన్న మడికే పోతారు.

నీటి పంపకానికి హోదా ఇవ్వడమేమిటో నాకు మొదట అర్థం కాలేదు. మన దగ్గర అది రోజూ జరిగే పనే గదా. సుంకేసుల దగ్గర తుంగభద్రలో బయలుదేరిన కేసీ (కర్నూలు–కడప) కాలువ కర్నూలు, నంద్యాల దాటుకుని రెండున్నర లక్షల ఎకరాలకు పైగా తడపాలని కాగితాల మీద రాసుకుని, కడప దాకా వస్తుంది. కాలువ వస్తుందన్నాను, నీళ్లు వస్తాయనలేదు. పైనోళ్లకు నీళ్లు, చివరి ఆయకట్టుకు వార్తలు. కాలువలో ఇంజన్లు దించుకోవడం, రాత్రిపూట తూము షట్టరుకు కాళ్లు రావడం, తెల్లారి కాలువ కాపలా చూసే లస్కరు వచ్చి షట్టరు వైపు, ఆకాశం వైపు మార్చి మార్చి చూడటం, ఇవన్నీ మన వారసత్వం కాదా? సుబక్ వాళ్లు వెయ్యేళ్లకు పైగా తంటాలు పడి సంఘం నడుపుకుంటున్నారు. మనం 1997లో ఒక్క చట్టంతో రాష్ట్రమంతా నీటి సంఘాలు పెట్టేశాం. చైర్మన్లు, ఎన్నికలు, దండలు, ఫ్లెక్సీలు అన్నీ సమకూర్చుకున్నాం. సమకూరనిది నీళ్లొక్కటే, అది పైవాళ్ల చేతిలోని విషయం. పైవాళ్లంటే దేవుడు అనుకునేరు, కాలువ పైవాళ్లు.

చెరువుల కింద అయితే నీరుగంటి ఉండేవాడు. పార భుజాన వేసుకుని, చెరువు నీళ్లను చూసి, ఏ మడికి ఎంతసేపు మడవ తిప్పాలో లెక్క కట్టేవాడు. పెద్ద రైతు మడి అయినా విధవరాలి మడి అయినా తడిసిందాకే తిప్పాలి, తడిస్తే మూయాలి. పంటొచ్చాక కళ్లంలో మేర గింజలు కొలిచి ఇచ్చేవారు. ఇంతటి అధికారం టై కట్టుకోని మనిషి చేతిలో ఉండటం అభివృద్ధికి ఆటంకమని గ్రహించి మనం బోర్లు వేసుకున్నాం. ఇప్పుడు ఎవరి నీళ్లు వాళ్లవి, ఎవరి అప్పు వాళ్లది.

ఇక పాతకాలం వాళ్ల అతి జాగ్రత్త గురించి చెప్పాలంటే పోరుమామిళ్ల పోవాలి. అక్కడ 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు చెరువు కట్టించి, ఊరికే పేరు చెక్కించుకుని ఊరుకోకుండా చెరువు ఎట్లా కట్టాలో పాఠం కూడా రాతి మీద చెక్కించాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు పన్నెండు అంగాలట. మొదటిది ధర్మం, ధనం, కీర్తి మీద కోరిక ఉన్న రాజు. (మూడోదానికి మన కాలంలోనూ కొరత లేదు.) చెరువుకు ఆరు దోషాలు కూడా చెప్పాడు. కట్ట కారడం, చవుడు నేల, చెరువు నడుమ మిట్ట, నీళ్లు ఎక్కువై నేల చాలకపోవడం. మిగిలిన రెండు విన్నప్పుడు మాత్రం నాకు అనుమానం వచ్చింది, ఆయన మొన్నటి పేపరు చదివి చెక్కించాడేమోనని. ఒకటి, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం. రెండు, నీళ్లు తక్కువై పారాల్సిన నేల ఎక్కువ కావడం. తుంగభద్ర మూడు రాష్ట్రాల పొలిమేర. దాని కింద ఎండే మడి మాది. ఆరున్నర శతాబ్దాల ముందే మా నాయకుల ప్రసంగాలకు కావాల్సిన సాకులన్నీ రాతిలో తయారుగా ఉంటే, ఒక్కరూ వాడుకోలేదు!

వీటన్నిటినీ బేరీజు వేసుకుని, కడపలోనే ఒక పూట యాత్ర నడపాలని పెద్దలకు ప్రతిపాదిస్తున్నాను. పొద్దున్నే ఎర్రకారం దోశ. అది తిన్నాక ఎవరికైనా జలపాతం చూడాలనే కోరిక తప్పకుండా పుడుతుంది. అక్కడినుంచి ఖాజీపేట, మైదుకూరు దారిలో మళ్లకు. మాకు కొండ మెట్ల మీద మళ్లు లేవు, పోనీండి, హెచ్చుతగ్గులకు లోటా? పై మడిలో మోకాలి లోతు నీళ్లు, కింది మడిలో నెర్రెలు. ఫొటోకు ఇంతకంటే తేడా ఎక్కడ దొరుకుతుంది! ఊయలకు కొబ్బరి చెట్లు కావాలంటారు. మాకు కాలువ గట్టు పొడుగునా కంపచెట్లున్నాయి. ఎర్ర గౌను దాంట్లో తగులుకుంటే మనిషి గాలిలోనే నిలబడతాడు, ఫొటో తీసేవాడికి సుఖం. నాట్లు వేయడం నేర్పిస్తామని బోర్డు పెడితే బెంగళూరు సాఫ్ట్‌వేరు పిల్లలు డబ్బు కట్టి వచ్చి నాటిపోతారు. కూలి ఇవ్వాల్సింది పోయి కూలి తీసుకోవచ్చు. నాటింది వంకరగా ఉంటుంది, రాత్రికి మా ఆడవాళ్లు పీకి మళ్లీ నాటుకుంటారు. గైడుగా లస్కరును పెట్టాలి. నీళ్లు ఎప్పుడొస్తాయని అడిగితే ఆకాశం వైపు చూపించడంలో ఆయనకు ఇప్పటికే అనుభవం ఉంది.

జలపాతం గురించి దిగులు అక్కర్లేదు. వాన పడితే పాలకొండల్లో దూకుతుంది. పడకపోతే పడినప్పటి వీడియో చూపిస్తాం. ఏ ఏడాదైనా చెరువులు నిండి మరవ (అలుగు) పారితే అసలు పండగ. మా అనంతపురం చుట్టాలు బుక్కరాయసముద్రం మరవ పారితే తిరునాళ్లకు పోయినట్టు పోతారు. మొక్కజొన్న కంకులు, ఐస్ బండ్లు, నాయకుల జలహారతి, గంగమ్మకు పొట్టేలు. ఆ చెరువుకు గండి పడితే ఊరి కోసం బలి అయిందని చెప్పుకునే ముసలమ్మ పేరు మీద కట్ట కూడా ఉంది. ఆ కట్ట మీదే సెల్ఫీ. ఇక జలపాతాల్లో రాజు లాంటిది 2024 ఆగస్టులో వచ్చింది. తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయి, మా మళ్లకు రావాల్సిన నీళ్లు కళ్ల ముందే నదిలోకి దూకాయి. అంతటి దృశ్యాన్ని ఒక్క టికెట్టు కూడా కోయకుండా వదిలేసిన ప్రభుత్వాల వ్యాపార జ్ఞానాన్ని ఏమనాలి?

ఈ ప్రతిపాదనను ముందుగా మా వీధిలో అందరూ వెంచరన్న అని పిలిచే పెద్దమనిషికి వినిపించాను. ఆయన బాలి పోయొచ్చాడు. కేసీ కాలువ కింద మూడు కార్లు పండిన మళ్లను చదును చేసి రాళ్లు పాతడం ఆయన వృత్తి. ప్రతి వెంచరు పేరులోనూ ‘గ్రీన్’ తప్పకుండా ఉంటుంది, పోయినవాళ్ల పేరు పిల్లలకు పెట్టుకోవడం మన ఆచారమే గదా. బాలి మాట ఎత్తగానే ఆయన గొంతు బొంగురుపోయింది.

‘‘ఆ పచ్చదనం సూచ్చాంటే కండ్లల్లో నీళ్లు తిరిగినాయన్నా. ఎంత కాపాడుకుంటాండారనుకున్యావ్!’’

‘‘ఆ నీళ్లు చివరి ఆయకట్టుకు వదిలి ఉంటే ఒక తడి అయ్యేది’’ అన్నాను.

ఆయనకది వినపడలేదు. ఊయల, డబ్బా, లస్కరు, అన్నీ శ్రద్ధగా విన్నాడు. అక్కడా మళ్ల నడుమ విల్లాలు లేస్తున్నాయట, ఆయన కళ్లారా చూశాడట. కాసేపు గోడ వైపు చూసి, జేబులోంచి పెన్ను తీసి, నా కాగితం వెనక్కి తిప్పి గీతలు గీయడం మొదలుపెట్టాడు.

‘‘నీ అయిడియా మంచిదేన్నా. రోడ్డు కాన్నించి ఇట్ల ప్లాట్లు, ఎదురుగా నీ మడి. కిటికీ తెరిస్తే వరి పైరు కనపడాల. మడి కనపడే ప్లాటుకు గజానికి వెయ్యి ఎక్కువ సెప్పినా కండ్లకద్దుకోని కొంటారు.’’

‘‘మరి ఆ మడి అట్లే ఉంటుందా?’’

‘‘యాడికి పోతాదిన్నా! అది ఫేజ్ టూ.’’