రాజుగారి ఏనుగు, రెండుంపావు అంగుళాల తొండి

చిన్న సైనికుల బొమ్మల్ని జరుపుతూ, పాచికలేసి ఆడే బొమ్మల యుద్ధానికి ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న బల్ల కావాలి. తిరుపతి కొర్లగుంట అద్దె మిద్దెల్లో అంత బల్ల యాడుంటాది? అందుకే ఈ బావా బామ్మర్దులు దివాన్ మంచం మీద ప్లైవుడ్ షీటు వేసి, పైన పచ్చ దుప్పటి పరుస్తారు. పరుపు తీయకుండా షీటు వేస్తే ఒక మూల కుంగి పాచికలన్నీ అటే దొర్లుతాయి. అట్టతో చేసిన చెట్లకి అడుగున రూపాయి బిళ్ల అంటించాలి, లేకుంటే ఫ్యాను గాలికి అడవి మొత్తం వంటింట్లోకి వలసపోతుంది.

బామ్మర్దిది విజయనగర సైన్యం, మూడు ఏనుగులు. బావది గ్రీకు సైన్యం, రాజు ఏనుగు మీద, ముందు నాలుగు పందులు. చంద్రగిరి కోట దగ్గర గ్రీకులకేం పని అని అడగకూడదు. రెండు సైన్యాల బలాన్ని లెక్కగట్టే పాయింట్లు సరిపోతే ఎవరు ఎవరితోనైనా తలపడొచ్చు.

పందులు మాత్రం కల్పన కాదు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో గ్రీసులోని మెగారా పట్టణాన్ని ఏనుగులతో ముట్టడిస్తే, ఊరివాళ్లు పందులకు తారులాంటి కీలు పూసి, నిప్పంటించి వదిలారని పాత రచయితలు రాశారు. ఆ అరుపులకి ఏనుగులు బెదిరి సొంత సైన్యాన్నే తొక్కాయట. అప్పట్నుంచీ ఏనుగుల్ని ఎదుర్కోలేని ఆటగాళ్లందరికీ పంది ఇలవేల్పు.

ఇక తొండి సంగతి. బొమ్మని ఆరంగుళాలు జరపాలంటే దాని కిందుండే బిళ్ల, అంటే బేసు, ముందు అంచు దగ్గర టేపు పెట్టి, ఆరో అంగుళం దగ్గరికి మళ్లీ ముందు అంచునే తేవాలి. బావ వెనక అంచుని తెస్తాడు. మామూలు సైనికుడి బేసు 32 మిల్లీమీటర్లు కాబట్టి దాంతో అంగుళంపావు లాభం. అది చిన్నదేం కాదు. రెండు పాచికలేసి శత్రువు మీదికి తొమ్మిదంగుళాలు దూకాలంటే మొత్తం తొమ్మిదో అంతకంటే ఎక్కువో పడాలి, 36 అవకాశాల్లో 10 మాత్రమే. ఎనిమిదైతే 15. ఏనుగు బేసు 60 మిల్లీమీటర్లు, అంటే రెండుంపావు అంగుళాల పైచిలుకు. రాజుగారిని యుద్ధం నడిమధ్యకి తొందరగా తేవాలని బావ రెండో టర్నులో అదే పని చేశాడు. టేపేమో అక్క బ్లౌజులు కొలిచే గుడ్డ టేపు. లాగితే సాగుతుంది, అదింకో లాభం.

మూడో టర్ను బామ్మర్దిది. ఏనుగుల మీద చెయ్యి వేశాడో లేదో, బావ అరిచాడు: "ఆగరా! పందుల్ని వదులుతుండా."

"నా టర్నులో నువ్వెట్ల వదుల్తావు బావా?"

"ఏనుగు పన్నెండంగుళాల లోపు ఉంటే వదలొచ్చని రాసుండాది. ఎవరి టర్నులో అని యాడైనా రాసుండాదా?"

రాసి లేదు. ఇద్దరూ కలిసి కంప్యూటర్లో కొట్టుకున్న ఇంటి రూల్సు అవి, మూడు పేజీలు. బామ్మర్ది కళ్లజోడు పెట్టుకుని ఆ పేరా మళ్లీ చదివాడు. ఇట్లాంటప్పుడు గొంతు పెంచడం దండగ, కింద లైను కూడా చదవడమే తెలివి. వాడు చదివాడు.

"సరే, వదులు. అయితే పందులు 'దగ్గర్లో ఉన్న ఏనుగు' వైపు పరిగెత్తాలంట. శత్రువు ఏనుగని యాడైనా రాసుండాదా?"

టేపు పరిచారు. పందుల నుంచి బామ్మర్ది మొదటి ఏనుగుకి ఎనిమిదంగుళాలు. వెనకున్న రాజుగారి ఏనుగుకి ఏడు. న్యాయంగా కొలిచి జరిపుంటే అది తొమ్మిదికి అవతల ఉండేది. ఈ ముక్క పైకి చెప్పే దారి బావకి లేదు.

పందులు వెనక్కి తిరిగాయి. రాజుగారి ఏనుగు బెదరకుండా నిలబడాలంటే నాలుగో అంతకంటే ఎక్కువో పడాలి. పాచిక చెట్టుకి ఆనుకుని వంకరగా ఆగింది. వంకర పాచికని మళ్లీ వెయ్యాల్సిందేనని ముందే ఒప్పందం. మళ్లీ వేస్తే రెండు.

అట్లా బెదిరిన ఏనుగుని చంపేయడానికి పూర్వం ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ సైన్యపు మావటీల దగ్గర ఉలీ సుత్తీ ఉండేవి. ఇంటి రూల్సులోనూ ఆ వెసులుబాటు ఉంది, కాకపోతే ఏనుగుతోపాటు పైనున్నవాళ్లూ పోతారు. పైనున్నది రాజు. బావ ఉలి వద్దన్నాడు.

ఎటు పరిగెత్తుతుందో ఒక పాచిక, ఎంత దూరమో రెండు పాచికలు. దిక్కు నేరుగా వెనక్కి, దూరం పదకొండు. దారిలో తగిలిన ప్రతి దళానికీ మూడు పాచికల దెబ్బ. ఈటెలవాళ్లు సగం పోయారు, విలుకాళ్లు మొత్తం పోయారు. చివరికి ఏనుగు బల్ల అంచు దాటింది. దాటితే ఆటలో లేనట్టే.

"కొలత మళ్లీ చూద్దాం రా," అన్నాడు బావ.

"చూద్దాం. రెండో టర్ను కాడినుంచీ చూద్దామా?"

ఇంతలో అక్క వచ్చి, "నా టేపిట్ల ఇయ్యండి, కొలతలకి మనిషొచ్చి కూర్చోనుండాది," అని లాక్కుపోయింది. బావ ఊపిరి పీల్చుకుని పెన్సిల్ తీశాడు. 'ఏనుగు' ముందర 'శత్రువు' అని ఇరికించి రాశాడు. బామ్మర్ది అదే పెన్సిల్ తీసుకుని దాని కింద ఇంకో లైను రాశాడు: 'ఇకమీద స్టీలు టేపు, పట్టుకునేది ఎదుటివాడు.'