డ్యాష్‌బోర్డు కింద కొలువైన జీపీఎస్ డబ్బా గారికి

మహారాజశ్రీ జీపీఎస్ డబ్బా గారి సముఖానికి,

టెక్కలి నుంచి గ్రానైట్ తోలే లారీ డ్రైవరు వ్రాయునది ఏమనగా, మేము క్షేమం. తమరి క్షేమం అడగనక్కర్లేదు. వైరు లూజైనా సరే, కడుపులో దాచుకున్న చిన్న బ్యాటరీతో ఊపిరి నిలుపుకొని మరీ 'కనెక్షన్ పీకేశారు' అని ఓనరు గారికి మెసేజ్ కొట్టే ప్రాణం తమరిది.

మొన్న రాత్రి మడపాం టోల్‌గేటు దాటి బండి పక్కకు తీశాను. టీ గ్లాసు చేతికి రాకముందే ఫోను. "ఏట్రా, బండి ఆగిపోనాది? ఇంజినెందుకు ఆన్‌లో ఉంచినావు?" ఇగ్నిషన్ వైరుతో తమరికి చుట్టరికం ఉంది కదా, తాళం తిప్పినా తెలిసిపోతుంది. నరసన్నపేట దగ్గర టైరు పంక్చరైన రోజు మాత్రం ఈ తెలివి ఏమైందో! జాకీ వేసి, చక్రం ఊడదీసి, దాని మీదే కూర్చున్నాను. తమరేమో మ్యాపులో లారీని పది పదిహేను మీటర్లు అటూ ఇటూ షికారు తిప్పుతున్నారు. "ఎక్కడికెల్తన్నావు?" అని ఓనరు గారు. చక్రం లేని బండి ఎక్కడికెళ్తుందండీ?

మావాళ్లు ఉపగ్రహాలను తిడతారు. పాపం, వాటికేం తెలుసు? 20 వేల కిలోమీటర్ల పైన తిరుగుతూ, జాతర మైకులా 'నేనిక్కడున్నాను, టైం ఇంత' అని చెప్పుకుంటూ పోతాయి. కింద ఎవరు విన్నారో వాటికి పట్టదు. ఏ సిగ్నల్ ఎంత ఆలస్యంగా అందిందో చూసి మన చోటు లెక్కగట్టేది తమరే. దానికి మూడు ఉపగ్రహాలు చాలును గానీ, తమరి గడియారం చవకరకం కనుక దాన్ని సరిచేయడానికి నాలుగోది కావాలి. సెకనులో పది లక్షల వంతు తేడా వస్తే 300 మీటర్లు తప్పు. వంతెన మీదున్న లారీ నాగావళిలో తేలుతుంది.

లెక్క కట్టి ఊరుకుంటే తమరికి దండం పెట్టేవాణ్ణి. కానీ లోపల సిమ్ కార్డు ఉంది. చాడీలన్నీ దానివే. మెళియాపుట్టి దాటాక సిగ్నల్ పోయింది, కాసేపు మనశ్శాంతి అనుకుంటే, ఆగిన ప్రతి చోటూ రాసిపెట్టుకుని టవరు దొరకగానే మొత్తం ఒకేసారి కక్కేస్తారు.

2019 జనవరి నుంచి కొత్త బస్సులకు, ట్యాక్సీలకు తమరితో పాటు ఆపద బటన్ కూడా ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. మంచిదే. మా లారీలో తమరొక్కరే వచ్చారు, బటన్ రాలేదు. నా ఆపదంతా ఫోనులోనే వస్తుంది కనుక దాంతో పనేముందనుకున్నారేమో.

దొంగల భయంతో ఓనరు గారు తన కారుకీ తమ తమ్ముణ్ణి ఒకణ్ణి పెట్టించారు. యాప్ మేడమ్ గారి ఫోనులోనూ ఉందని మరిచిపోయినట్టున్నారు. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో మీటింగని చెప్పిన పూట కారు ఇచ్ఛాపురం దాటి గోపాల్‌పూర్ బీచ్‌లో కనిపించిందట. "ఆ డబ్బాలను నమ్మకు, ఉన్నచోట చూపించి చావవు" అన్నారట అయ్యగారు.

ఆ ముక్క కాస్త నా లారీ ఖాతాలో కూడా వేయించగలరని ప్రార్థన.

ఇట్లు,
తమరి కనుసన్నలలో ఉండే డ్రైవరు