అత్యవసర నిధి గారికి ఒక పుచ్చుపన్ను విన్నపం

మహారాజశ్రీ అత్యవసర నిధి గారి దివ్యసముఖానికి,

శ్రీకాకుళం నుంచి తమ విధేయుడు రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ అనుకోని కష్టానికని నేను దాచిన తమరు మూడు లక్షల నలభై వేలతో బ్యాంకులో నిక్షేపంలా ఉన్నారు. నేను కుడి దవడ వాచిపోయి, ఎడమ చెంప దిండుకి ఆనించుకుని ఇది రాస్తున్నాను. కనుక ఏకకుశలోపరి.

విషయం పన్ను. జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పుకునేవాణ్ణి కదా, పన్ను అనగానే ఆదాయపు పన్ననుకునేరు. దాంతో నాకు పేచీ లేదు, నా జీతానికి అది పడదు. ఇది కింద వరుసలో, కుడి పక్కన, చివరి నుంచి రెండోది.

పోయిన జూన్‌లో డాక్టరమ్మ నోట్లో చిన్న అద్దం పెట్టి చూసి, "చిన్న పుచ్చే మాస్టారూ, ఇప్పుడే సిమెంటు పెట్టించేసుకోండి, ఎనిమిది వందలవుద్ది" అంది. ఇంట్లో అడిగి చెప్తానని బయటికొచ్చాను. నేను అడగదలచింది మా ఆవిణ్ణి కాదు, తమర్ని. ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఫోనులో తమ నిల్వ చూశాను. తమర్ని ముట్టుకునే ముందు వేసుకోవాలని వీడియోల్లో నేర్చుకున్న మూడు ప్రశ్నలు వేసుకున్నాను. అనుకోకుండా వచ్చిందా? లేదు, రోజూ పడుకునే ముందు బెల్లంముక్క నోట్లో వేసుకునేవాడికి రాక ఏమవుతుంది. తప్పనిసరా? ఇంకా ముప్పై పళ్ళున్నాయి. ఇప్పటికిప్పుడే కావాలా? నొప్పి లేదు. మూడింట్లోనూ తప్పింది పన్ను. ఇంటికొచ్చేశాను.

ఎనిమిది వందలు జీతంలోంచి ఇవ్వొచ్చు కదా అని తమరికి అనుమానం రావచ్చు. ఒకటో తారీఖున నా జీతం ఒక పెళ్ళి విడిది. ఈ గది నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే సిప్‌ది, ఆ గది బ్యాంకులో నెలనెలా కట్టే ఆర్‌డీది, మేడ మీద బీమా, వరండాలో చీటీ. అన్నీ ముందే బుక్కయిపోయాయి. మిగిలిన వంటింట్లో ఉప్పు, పప్పు, స్కూలు ఆటో సర్దుకుని పడుకుంటాయి. ఎనిమిది వందలకి చాప వేసే చోటు కూడా లేదు.

దసరా వెళ్ళేసరికి మొదలైంది. నాలుక ఊరికే అక్కడికే పోయేది, గుడి ముందు చెప్పులు విడిచినవాడి మనసులాగ. పోపులడబ్బాలోంచి లవంగం తీసి బుగ్గన పెట్టుకునేవాణ్ణి. మా ఆవిడ రెండు వారాలు ఊరుకుని, మూడో వారం లవంగాల పొట్లం కొని ఆ ఖర్చు 'వైద్యం' కింద రాసింది. ఇంటర్ రెండో ఏడాది పిల్లలకి అవకాశ వ్యయం చెప్తున్నాను ఒకరోజు. ఒకటి కావాలనుకున్నప్పుడు వదులుకున్న ఇంకోదాని విలువే అవకాశ వ్యయం అని చెప్పి, "వ్యయం" దగ్గర గాలి లోపలికి పీల్చాను. చల్లగాలి పుచ్చులోకి దిగింది. బోర్డు పట్టుకుని నిలబడిపోయాను. సార్ పాఠంలో లీనమైపోయారనుకున్నారు వెనక బెంచీ వాళ్ళు.

ఇంత జరుగుతున్నా తమర్ని ముట్టుకోలేదంటే తమరి మీద భయమేనని లోకం అనుకుంటుంది. భయమే, అయితే తమరి మీద కాదు.

తమరు పుట్టకముందు సంగతి చెప్తాను. 2018లో దసరా సెలవులకి ఉద్దానంలో మా ఊరెళ్ళాం. అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి అని తర్వాత చదివాను. ఆ పూట మాకు తెలిసిన లెక్కల్లా ఒకటే: తలుపు గడియకి ఇద్దరు ఆనుకుంటే చాలట్లేదు, ముగ్గురు కావాలి. పెంకులు ఒక్కొక్కటిగా కాదు, వరసలు వరసలుగా లేచిపోయాయి. తెల్లారేసరికి పొయ్యి దగ్గర నిలబడితే ఆకాశం కనిపిస్తోంది. దొడ్లో నలభై రెండు కొబ్బరిచెట్లకి ముప్పై ఒకటి పడిపోయి ఉన్నాయి, అన్నీ ఒకే పక్కకి, ఎవరో పెద్ద దువ్వెనతో దువ్వేసినట్టు. మా అమ్మ ఏడవలేదు. పడ్డ చెట్లని పేరుపేరునా లెక్కపెట్టింది. ఇది మీ నాన్న వేసింది, ఇది నువ్వు పుట్టినప్పటిది అని.

నా జేబులో ఆరువందల నలభై రూపాయలు. కరెంటు లేదు, ఏటీఎం లేదు, కొవ్వొత్తికి కొట్టువాడు చెప్పిందే ధర. ఇల్లు కప్పించడానికి మా ఆవిడ గాజులు నాలుగు తులాలు తాకట్టుకెళ్ళాయి. ఆవిడ చేతులు బోసిగా పెట్టుకుని బస్సెక్కిన రోజున తమరికి నామకరణం చేశాను.

తమరు చేసిన మేలు దాచను. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి మా కాలేజీ జీతాలు ఆపేసింది. మాతో పనిచేసిన ఫిజిక్స్ మాస్టారు బండి మీద అరటిపళ్ళు అమ్మాడు, నన్ను చూసి మాస్కు కళ్ళదాకా లాక్కున్నాడు. అప్పటికి తమరు డెబ్బై వేలు. ఐదు నెలలు, నెలకి పద్నాలుగు వేల చొప్పున, ఒక్క రూపాయి ఎవరి దగ్గరా చెయ్యిచాచకుండా గట్టెక్కించి, తమరు సున్నా అయ్యారు. ఇంత మాట నేను ఎవరి గురించీ అనలేను, బంధువులతో సహా.

అక్కడితో ఆగితే బాగుండేది. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు మూడు నుంచి ఆరు నెలల ఖర్చు దాస్తే చాలన్నారు. నెలకి ఇరవై ఎనిమిది వేలు లెక్కేసుకున్నాను. ఆరు నెలల ఖర్చు నిండగానే మా బావమరిది ఫోనుచేసి, రోజులు బాగాలేవు బావా, తొమ్మిది పెట్టు అన్నాడు. ఆ తర్వాత టై కట్టుకున్న ఒకాయన యూట్యూబులో వేలు చూపించి పన్నెండు అన్నాడు. నాకు వాళ్ళెవరూ అక్కర్లేదు, కేలండర్ చాలు. పైలిన్ 2013 అక్టోబరు 12. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12. తిత్లీ 11. మా వైపు దసరా ఎప్పుడో పంచాంగం చూడాలి గానీ తుఫానుకి అక్కర్లేదనిపిస్తుంది. 2021లో గులాబ్ కళింగపట్నానికి ఉత్తరంగా సెప్టెంబరు 26నే వచ్చేసింది. రెండు వారాలు ముందొచ్చిందని ఇంకో నెల ఖర్చు తమరికి కలిపాను.

2025 సెప్టెంబరు 22 నుంచి ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. మా ప్రీమియం పద్దెనిమిది వేల మీద 3,240 రూపాయలు మిగిలాయి. ఆ రోజుకి పన్ను పుచ్చి మూడు నెలలు. కట్టే పన్ను పోయింది, కొరికే పన్ను బాగుచేయించుకుందామన్న ఆలోచన రావాలి కదా మనిషికి? తెచ్చి తమరికే జమచేశాను.

బీమా అంటే గుర్తొచ్చింది. 2020 ఫిబ్రవరి నుంచి తమరిలాంటి డిపాజిట్లకి ఐదు లక్షల దాకా బీమా ఉంది, బ్యాంకు మునిగినా తమరు తేలుతారు. నా పాలసీ పుస్తకం కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాను. పంటి వైద్యం అందులో లేదు, ప్రమాదంలో దెబ్బతగిలి ఆసుపత్రిలో చేరితే తప్ప. అంటే డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఆటో గుద్దితే నా పంటికి విలువుంది. ఊరికే కూర్చుని పుచ్చిపోతే లేదు.

తమరి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చినవి ఇంకా ఉన్నాయి. మా ఆవిడ కళ్ళజోడు నంబరు మారి ఏడాదిన్నర. బండి వెనక టైరు గుండు కొట్టించుకున్నట్టుంది. కళింగపట్నం బీచికి మా ఇంటి నుంచి ముప్పై కిలోమీటర్లు లేదు. వంశధార సముద్రంలో కలిసేచోటు చూడాలని మా అమ్మాయి మూడు వేసవుల నుంచి అడుగుతోంది. పిల్ల పుస్తకంలో వంశధార బొమ్మ వేసింది, దానికి సముద్రం వెయ్యలేదు. ఎందుకే అంటే, చూడలేదుగా అంది.

మొన్న సంక్రాంతి ముందు బీపీ చూస్తే నూట యాభై. ఏమైనా దిగులా మాస్టారూ అన్నాడు డాక్టరు. లేదండీ, ఏడాది ఖర్చు బ్యాంకులో ఉంది అన్నాను గర్వంగా. ఇంటికొచ్చాక మా ఆవిడ అన్నం వడ్డిస్తూ అడిగింది: "ఏమండీ, నాకు తెలీకడుగుతాను, మీరు కష్టం వస్తుందని దాస్తున్నారా, ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నారా?" ఆ ప్రశ్నకి ఎడమపక్క నములుతూ జవాబు చెప్పడం కష్టం.

మొన్న శుక్రవారం రాత్రి రెండు గంటలకి పన్ను తానే అత్యవసరమని ప్రకటించుకుంది. ఇప్పుడు సిమెంటు పనికిరాదట. రూట్ కెనాల్ నాలుగు వేలు, పైన క్యాప్ ఐదు వేలు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చానని ఒప్పుకుంటాను. కానీ కామర్స్ మాస్టార్ని కదా, ఆ నొప్పిలో కూడా కాగితం తీశాను. రెండున్నర శాతం చొప్పున ఎనిమిది నెలల్లో తమరికొచ్చిన వడ్డీ 5,600 చిల్లర. అదే ఎనిమిది నెలల్లో పంటి ఖర్చు పెరిగింది 8,200. నా దగ్గరున్న వాటన్నిట్లో బాగా పెరిగింది పుచ్చుపన్నే.

శనివారం మా అమ్మ ఊర్నించి వచ్చింది, సంచిలో ఆరు కొబ్బరికాయలు. తిత్లీ తర్వాత నాటిన మొక్కలవి, తొలికాపు. ఏడేళ్ళు ఆ మొక్కలకి నీళ్ళు మోసింది. వచ్చీరాగానే ఒకటి కొట్టి, చిప్పలోంచి పెద్దముక్క పెరికి, ఎప్పట్లాగే నా నోటికందించింది. కొరకలేకపోయాను. సంగతి విని నడుం మీద చెయ్యేసుకుంది.

"ఏట్రా బావూ, బేంకీలో మూడు లచ్చలెట్టుకుని లవంగాలు నముల్తన్నావేటి? నీకన్నా నానే నయం, పళ్ళూ లేవు, నొప్పీ లేదు."

ఆ ముక్క కోరి, పంచదార కలిపి, చెంచాతో పెట్టింది. నలభై ఆరేళ్ళవాడికి.

కాబట్టి విన్నపం ఏమిటంటే, తమరికో తమ్ముణ్ణి తెస్తున్నాను. వేరే ఖాతా, నెలకి రెండు వేలు, తమరికొచ్చే దాంట్లోంచే కోత. పళ్ళు, కళ్ళజోడు, టైరు, కళింగపట్నం అన్నీ వాడి పూచీ. ఏడాది చివర వాడి దగ్గర మిగిలితే తమరిలో కలిపేయమని మా బావమరిది చేత చెప్పించొద్దు. అక్టోబరుకి తమరు, మిగతా పదకొండు నెలలకి వాడు.

ఈలోగా ఒక మాట. సోమవారం సాయంత్రం ఐదు గంటలకి డాక్టరమ్మ రమ్మంది. తమ ఖాతాలోంచి తొమ్మిది వేలు పోయినట్టు మెసేజ్ వస్తుంది. ఐదేళ్ళలో ఎవరూ తీసింది లేదు కదా, ఎవడో దొంగ లాగేశాడనుకుని కార్డు బ్లాక్ చేయించేరు.

అది నేనే.

ఇట్లు,
తమ విధేయుడు