గుర్రం కొన్నారు సరే, కళ్ళెం ఏదీ?

నిన్న సాయంత్రం ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, 1966 ఫోర్డ్ మస్టాంగ్ కారు దొరికింది. కార్బురేటరు ఏది కొనమంటారు?" బ్రేకులు ఎలా ఉన్నాయని అడిగాను. చూడలేదట. నేల రేకులు? అదీ చూడలేదట. ఇంజనుకు గాలి, పెట్రోలు కలిపి అందించే ఆ కార్బురేటరు మాత్రం రెండు వారాలుగా వెతుకుతున్నాడట. ఫోన్ పెట్టేశాక కూడా చిరాకు తగ్గలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

నాదీ 1966దే. డెట్రాయిట్ పక్కన, మోటారు కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్ళ మధ్య ఉంటూ ఈ పిచ్చి అంటకుండా తప్పించుకోవడం కష్టం. కంపెనీ కారు మీద కొట్టే గుర్తింపు సంఖ్యలో మొదటి అక్షరాలు చదివితే దాని జాతకం తెలుస్తుంది. 6 అంటే 1966. ఎఫ్ అంటే డియర్‌బార్న్ ఫ్యాక్టరీ. 07 అంటే రెండు తలుపుల కూపే. సి అంటే 289 ఘనపు అంగుళాల, ఎనిమిది సిలిండర్ల వి8 ఇంజను, రెండు గొంతుల కార్బురేటరు. డియర్‌బార్న్ నుంచి మా షెడ్డుకు అరగంట ప్రయాణం. పుట్టిల్లు దగ్గరే, కానీ చలికాలమంతా మిషిగన్ రోడ్ల మీద చల్లే ఉప్పు దాని మీద పుట్టింటి ప్రేమేమీ చూపించలేదు.

(ఇది పెద్ద ఇంజను బిగించిన "మజిల్ కారు" కాదు, చిన్న గుర్రంపిల్ల లాంటి "పోనీ కారు" అని ఎవరో ఒకరు కింద రాస్తారని తెలుసు. 1964లో పాంటియాక్ కంపెనీ వాళ్ళు తమ జీటీఓ కారులో 389 ఘనపు అంగుళాల ఇంజను పెట్టినప్పటి నుంచి నడుస్తున్న వాదన అది. ఓపిక ఉన్నవాళ్ళు వాదించుకోండి. తుప్పు రెండింటినీ ఒకేలా తింటుంది.)

6,800 డాలర్లకు కొన్నాను. ఎర్రగా నిగనిగలాడుతూ ఉండేది. నేల మొత్తం కొత్తదేనని అమ్మినాయన చెబితే నమ్మాను. ఇంటికి తెచ్చిన తర్వాత, కొనకముందే చేయాల్సిన పని చేశాను. ముందు అద్దం కింద, బానెట్‌కు వెనుక సన్నని గాలి కంతలు ఉంటాయి. అక్కడ బకెట్ నీళ్ళు పోశాను. అర నిమిషం కాకముందే పక్క సీటు ముందున్న తివాచీ తడిసి నల్లబడింది. తివాచీ ఎత్తితే తారు పూత. తారు గీకితే అల్యూమినియం రేకు. ఆ రేకు మీద తెల్ల అక్షరాలు. ఎవరో మహానుభావుడు రోడ్డు పక్క వీధి పేరు పలకను కోసుకొచ్చి, నేలకు రివెట్లు కొట్టాడు. తలుపు కింద అయస్కాంతం పెడితే అంటుకోకుండా జారిపోయింది. అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. పైన పటారం, లోన లొటారం.

ఆ కంతల కింద ఉండే పెట్టెను కౌల్ అంటారు. పైరేకు, కిందిరేకు కలిపి వరసగా స్పాట్ వెల్డింగులు చేసి ఉంటాయి. ఆకులు పడి, నీళ్ళు నిలిచి, లోపలి నుంచి కుళ్ళుతుంది. బాగు చేయాలంటే ఆ వెల్డింగులన్నీ ఒక్కొక్కటిగా డ్రిల్లుతో విడగొట్టి పైరేకు ఊడదీయాలి. ఒక వర్క్‌షాపులో దీనికి, నేలకు కలిపి తొమ్మిది వేలు అడిగారు. నేను 450 డాలర్లకు పాత వెల్డింగు మిషను కొని, సాయంత్రం తరగతుల్లో పని నేర్చుకుని, రెండు చలికాలాలు శనివారాలన్నీ దానికే ధారపోశాను. కొత్త రేకులకు తొమ్మిది వందలు అయింది. తక్కువ ఖర్చు అంటే ఇదే. వీడియోల్లో నలభై నిమిషాల్లో కారు పూర్తి చేసేవాళ్ళు మీకు చూపించనిది ఆ శనివారాలను.

బ్రేకుల సంగతి నాకు నేర్పింది నాన్న. ముప్పై ఏళ్ళు లారీ నడిపిన మనిషి. తెనాలి నుంచి వచ్చినప్పుడు కారు చుట్టూ రెండుసార్లు తిరిగారు. ఇంతమంది చూశారు, అందరూ హార్స్‌పవర్ ఎంత అనే అడిగారు. నాన్న బానెట్ ఎత్తించి, పెడల్ తొక్కితే బ్రేకు నూనెను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండరు మీద వేలు పెట్టి, "నాలుగు చక్రాలకూ కలిపి ఒక్కటే దారా? ఎక్కడైనా గొట్టం పగిలితే దేనితో ఆపుతావు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. 1966 వరకు ఈ కార్లలో అంతే. ఒక్క చోట కారితే పెడల్ నేలకు తగులుతుంది, నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. ముందు, వెనుక విడివిడిగా పనిచేసే ఏర్పాటు మస్టాంగ్‌కు 1967లో వచ్చింది.

అప్పటికి నేను ఇన్‌టేక్ మానిఫోల్డు (కార్బురేటరు నుంచి సిలిండర్లకు గాలి, పెట్రోలు పంచే గొట్టాల భాగం) కోసం 1,100 డాలర్లు పక్కన పెట్టుకుని ఉన్నాను. అదే డబ్బుతో ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, రెండు గదుల మాస్టర్ సిలిండరు, కొత్త గొట్టాలు వేశాను. ఒకప్పుడు పాత ఇనుప కొట్లలో 1975–80 నాటి ఫోర్డ్ గ్రనాడా కనిపిస్తే దాని ముందు డిస్కులు విప్పుకొచ్చి, కొద్ది మార్పులతో బిగించేవారు. నాకు దొరకలేదు, కిట్టు కొన్నాను.

ఇక మలుపుల్లో తూలే జబ్బు. దానికి ఫోర్డ్ ఇంజనీరు క్లాస్ ఆర్నింగ్ ఎప్పుడో మందు కనిపెట్టాడు. ముందు సస్పెన్షన్ పై ఆర్ములు బిగించే రంధ్రాలను ఒక అంగుళం కిందికి మార్చడం, అంతే. మస్టాంగ్‌నే పందేలకు మలిచిన 1965 షెల్బీ జీటీ350లో చేసింది అదే. నాకు అయిన ఖర్చు ఒక డ్రిల్ బిట్టు, ఒక వీల్ అలైన్‌మెంటు. మలుపులో స్టీరింగు పట్టుకుంటే వేరే కారేమో అనిపించింది. ఇంత చౌకగా ఇంత మేలు చేసే పని ఈ కారు మీద ఇంకొకటి లేదు. అయినా దీని గురించి అడిగినవాడు ఇప్పటివరకు ఒక్కడూ లేడు.

అందరికీ కావాల్సింది హార్స్‌పవర్. నా ఇంజనుకు కంపెనీ చెప్పిన లెక్క 200. ఆ రోజుల్లో ఫ్యాను, సైలెన్సరు లాంటివి లేకుండా ఇంజనును బల్ల మీద పెట్టి కొలిచేవారు. 1972 నుంచి అన్నీ తగిలించి కొలవడం మొదలుపెట్టాక అంకెలు ఒక్కసారిగా పడిపోయాయి. మా ఆవిడ ఆఫీసుకు తీసుకువెళ్ళే 2019 టొయోటా క్యామ్రీకి 203, అదీ నిజాయితీ లెక్క. పందెం పెడితే ఎవరు గెలుస్తారో ఇంట్లో అందరికీ తెలుసు, నాకు గుర్తు చేస్తూనే ఉంటారు. ఇంజనులో నేను చేసింది స్పార్కు కోసం కరెంటును తెగ్గొట్టే పాత పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టడం, ఇథనాల్ కలిసిన పెట్రోలు తినేస్తున్న పాత రబ్బరు గొట్టాలు మార్చడం. ఉదయం ఒక్క తిప్పుకే స్టార్ట్ అవుతోంది.

ఇవన్నీ చూసి "అయ్యో, ఒరిజినల్ పాడు చేశావు" అనే పెద్దమనుషులు ఉన్నారు. బాబూ, 1966లో ఈ కార్లు ఆరు లక్షలకు పైగా తయారయ్యాయి. అందులో మామూలు సి రకం కూపే నాది. ఇది మ్యూజియం సరుకు కాదు. 271 హార్స్‌పవర్ కె రకం ఎవరి దగ్గరైనా ఉంటే, దానికి డ్రిల్లు పెట్టవద్దని నేనూ చేతులు జోడించి చెబుతాను.

రంగు ఇంకా వేయలేదు. రేకు పని చేసిన చోటల్లా బూడిద రంగు ప్రైమరు, మిగతా చోట పాత ఎరుపు. మచ్చల ఆవులా ఉంది. ఆగస్టులో డెట్రాయిట్ దగ్గర జరిగే పాత కార్ల ఊరేగింపు, వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కు ఇలాగే తీసుకువెళ్తున్నాను. ఫోన్ చేసిన కుర్రాడా, ఆదివారం నీ కారు తీసుకురా. కార్బురేటరు సంగతి తర్వాత. ఒక బకెట్, ఒక అయస్కాంతం సిద్ధంగా ఉంచుతాను.