గోడ మీది, బూజు మాదా?

బాడుగింట్లో గోడకు బూజు పట్టిందని ఓనరుకు ఫోన్ చేస్తే వచ్చే మొదటి మాట ఏందో నెల్లూరులో బాడుగకుండే అందరికీ తెలుసు. "ముందున్నోళ్లకి ఎప్పుడూ రాలేదే!" ఆ తర్వాత మిగతావి వరసగా వస్తాయి. కిటికీలు తియ్యరు, లోపలే బట్టలారేస్తారు, పొద్దస్తమానం ఏసీ వేసుకుంటారు, నీళ్లు ఎక్కువ వాడతారు. గోడ ఆయనది, స్లాబు ఆయనది, గోడలో పైపు ఆయనది. బూజు మాత్రం మాది. ఈ పద్ధతి మీద నాకు చాలా కోపంగా ఉంది, అందుకే ఇంత పొడుగు పోస్టు పెడుతున్నా. బాడుగకున్నవాళ్లూ, బాడుగకిచ్చేవాళ్లూ ఇద్దరూ చదవండి.

మన జిల్లా వానల సంగతి మనకు కొత్త కాదు. రాష్ట్రంలో చాలా చోట్ల జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడేదే పెద్ద వాన. మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారంటే ముసురు పట్టి రోజుల తరబడి వదలదు. 2021 నవంబరులో పెన్నా పొంగిన వానలు, 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వానలు ఎవరూ మర్చిపోయి ఉండరు. పైగా ఆ నెలల్లో ఎండ పదును తక్కువ. నీళ్లు తాగిన గోడ సంక్రాంతి దాటినా ఆరదు.

ఇంత తెలిసి కూడా బాడుగ పోర్షన్లు ఎట్టా కడుతున్నారో ఒక్కసారి చూడండి. ఓనరు ఉండే వైపు తొమ్మిదంగుళాల గోడ, బాడుగకిచ్చే వైపు నాలుగున్నర అంగుళాల గోడ. కిటికీ మీద సన్‌షేడ్ ఉండదు, ఉన్నా జానెడు. పక్కింటికీ మనింటికీ మధ్య మనిషి అడ్డంగా తిరిగితే తప్ప పట్టని సందు. ఆ సందు వైపు గోడకు బయట సిమెంటు పూత కూడా సరిగ్గా ఉండదు, ఎందుకంటే మేస్త్రీ అక్కడ నిలబడి పని చేయలేడు. ఆ గోడకు ఎండ తగలదు, గాలి తగలదు, వాన మాత్రం తగులుతుంది. మన మంచం, బీరువా వేసుకునేది కూడా ఆ గోడకే, ఎందుకంటే గదిలో తలుపు లేని గోడ అదొక్కటే.

మా ఇంట్లో జరిగింది ఇదే. బీరువా వెనక మొదట బూడిద రంగు చుక్కలు. తర్వాత అవి కలిసిపోయి నల్లటి మచ్చలు. బీరువా కింది అరలో పెట్టిన పట్టుచీర మడతల మీద తెల్లటి నూగు. మా అత్తమ్మ పెట్టిన చీర అది, అంచు దగ్గర చుక్కలు ఇప్పటికీ పోలేదు. అయినా చీర సంగతి వదిలేస్తాను. మా చిన్నోడికి రాత్రిళ్లు పిల్లికూతలు మొదలయ్యాయి. డాక్టరు మందులు రాస్తూ, పిల్లాడు పడుకునే గదిలో గోడలు ఎట్టా ఉన్నాయమ్మా అని అడిగారు. ఆ ప్రశ్న ఊరికే అడిగింది కాదు. ఇళ్లలో చెమ్మ, బూజు గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే ప్రత్యేకంగా మార్గదర్శకాలు వేసింది. చెమ్మ పట్టిన ఇళ్లలో ఉండేవాళ్లకు ఆయాసం, దగ్గు, ఉబ్బసం ఎక్కువని అందులో ఉంది.

ఓనరు పైపోర్షన్లోనే ఉంటారు. చెడ్డమనిషి కాదు, పండగొస్తే మా పిల్లలకు అరిసెలు పంపిస్తారు. గోడ విషయానికొస్తే మాత్రం మాట ఒకటే. "కిటికీలు తీసి పెట్టుకోండమ్మా, అదే పోతుంది." గోడ తడిగా ఉన్నప్పుడే పెయింటర్‌ని పంపించి, మచ్చలు గీకించి, పైన పుట్టీ పట్టించి రంగు వేయించారు. నెల తిరక్కుండానే ఆ పుట్టీ బుడగలు బుడగలుగా లేచింది. వేలితో నొక్కితే పెచ్చు ఊడి, లోపల నుంచి ఉప్పు పొడి రాలింది. తడి గోడ మీద రంగు వేస్తే జరిగేది ఇదే. లోపలి నీళ్లకు బయటికి పోయే దారి మూసుకుపోయి, దారి కోసం రంగునే తోసేస్తాయి.

అప్పుడు నేను చేసిన పని ఒకటి చెబుతాను, మీరూ చేయండి. దీనికి రూపాయి ఖర్చు లేదు. వంటింట్లో వాడే అల్యూమినియం కాగితం గానీ, మందపాటి పాలిథిన్ కవరు గానీ అడుగు పొడుగు, అడుగు వెడల్పు కత్తిరించండి. గోడ మీద తడిని గుడ్డతో తుడిచి, ఆ ముక్కను అతికించి, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో మూసేయండి. ఒకటి రెండు రోజులాగి చూడండి. గది వైపు, అంటే మనకు కనిపించే వైపు నీళ్లు పట్టి ఉంటే అది గదిలోని గాలి నుంచి వచ్చిన చెమ్మ. కాగితం ఊడదీసినాక గోడ వైపు తడి ఉంటే ఆ నీళ్లు గోడలో నుంచే వస్తున్నాయి. ఆ రెండో రకానికి మనం కిటికీలు తీసినా, తలుపులే పీకేసినా ఏమీ కాదు.

మా బీరువా గోడ మీద కాగితం తీస్తే గోడ వైపు నీళ్లు బొట్లు బొట్లుగా ఉన్నాయి. ఓనరు అంకుల్ని పిలిచి ఆయన కళ్ల ముందే తీసి చూపించాను. చివరికి ప్లంబర్ వచ్చి చూస్తే పైపోర్షన్ బాత్రూం పైపు జాయింటు దగ్గర కారుతోంది. ఆ పైపు సరిగ్గా మా బీరువా గోడలోనే దిగుతోంది. ఇన్నాళ్లూ మేము కిటికీలు తియ్యక వచ్చిందన్న బూజు వాళ్ల స్నానాల నీళ్లతో పెరిగింది!

అన్నీ ఓనరు మీదికి నెట్టేయడం న్యాయం కాదు, గాలి నుంచి వచ్చే చెమ్మ కూడా ఉంటుంది. మా హాల్లో గోడ అట్టాంటిదే. దాని అవతల పడగ్గదిలో ఏసీ. సెప్టెంబరు, అక్టోబరు ఉక్కలో హాల్లో 30 డిగ్రీలుండి గాలిలో తేమ 80 శాతం ఉందనుకోండి, 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేనికి తగిలినా ఆ గాలిలో ఆవిరి నీళ్లయిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టే నీళ్లు అవే. అటు వైపు ఏసీ 20లో పెడితే నాలుగున్నర అంగుళాల గోడ ఇటు వైపు కూడా చల్లబడుతుంది, హాలు గాలి దాని మీద చెమర్చుతుంది. దీనికి మనం చేయగలిగింది ఉంది. ఏసీ 26, 27 దగ్గర పెట్టి ఫ్యాన్ తోడు వేసుకోవాలి. బీరువా, సోఫా గోడకు ఆనించకుండా బెత్తెడు జరపాలి. వంట చేసేటప్పుడు గిన్నెల మీద మూత పెట్టాలి, ఆ ఆవిరి హాల్లోకి రాకుండా వంటింటి కిటికీ తీసి తలుపు దగ్గరగా వేయాలి. ముసురు రోజుల్లో తడి బట్టలు ఒక్క గదిలోనే ఆరేసి, ఆ గది తలుపు మూసి, కిటికీ తీసి ఫ్యాన్ వేయాలి. ఒక దండెం బట్టలు ఆరితే లీటర్ల కొద్దీ నీళ్లు ఆ గది గాలిలోకి పోతాయి.

కానీ ఇక్కడ కూడా ఓనర్లను ఒక మాట అడగాలి. బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టింది ఎవరు, పెట్టనిది ఎవరు? పాత ఇళ్లలో కిటికీ పైన, సీలింగు దగ్గర వెంటిలేటర్లు ఉండేవి, వేడి గాలి, ఆవిరి పైనుంచి పోయేవి. ఇప్పుడు వాటిని అసలు పెట్టడం లేదు, ఉన్నవాటికి అద్దాలు బిగించేశారు. వాన పడుతుంటే సన్‌షేడ్ లేని కిటికీ తీయమంటారు. తీస్తే మంచం తడుస్తుంది, తీయకపోతే గోడ తడుస్తుంది. ఇంటిని ఊపిరాడకుండా కట్టి, లోపలున్నవాళ్లు ఊపిరి వదులుతున్నారని అనడం ఏం న్యాయం?

ఇంగ్లండులో జరిగిన ఒక సంగతి చదివినప్పటి నుంచి నాకు మనసులో ఉండిపోయింది. రోచ్‌డేల్ అనే ఊళ్లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల పిల్లాడు 2020 డిసెంబరులో చనిపోయాడు. వాళ్లుండే బాడుగ ఫ్లాటు నిండా బూజు. వాళ్ల నాన్న 2017లోనే ఫిర్యాదు చేస్తే, ఇంటి ఓనర్లు పైన రంగు వేసుకోమన్నారు. బూజుకు ఆ కుటుంబం బతికే తీరే కారణమన్నట్టు మాట్లాడారు. 2022 నవంబరులో విచారణ అధికారి ఆ బిడ్డ ప్రాణం తీసింది ఇంట్లోని బూజేనని తేల్చారు. ఆ తర్వాత ఆ పిల్లాడి పేరు మీదే చట్టం తెచ్చారు. 2025 అక్టోబరు నుంచి అక్కడ సామాజిక గృహాల (తక్కువ బాడుగకు ప్రభుత్వ, సేవా సంస్థలు ఇచ్చే ఇళ్ల) ఓనర్లు అత్యవసరమైతే 24 గంటల్లోనే పరీక్ష చేసి ప్రమాదం తప్పించాలి, ప్రమాదకరమైన చెమ్మ, బూజు అయితే పది పనిదినాల్లో పరీక్ష చేసి, ఆపైన ఐదు పనిదినాల్లో ప్రమాదం తప్పించాలి. చలిదేశం వాళ్ల బూజుకూ మన బూజుకూ కారణాలు కొంత వేరు కావచ్చు. ఓనరు మాట మాత్రం ఒక్కటే. రంగేసుకోండి, మీరు ఉండే పద్ధతే బాగాలేదు!

మన దగ్గర అట్టాంటి చట్టం లేదు. అట్టాగని ఏమీ లేదని కూడా కాదు. 2021లో కేంద్రం రాష్ట్రాలకు నమూనాగా ఒక అద్దె చట్టం ఇచ్చింది. అగ్రిమెంటులో వేరుగా రాసుకోకపోతే నిర్మాణానికి సంబంధించిన మరమ్మతులు, గోడలకు సున్నాలు, అవసరమైనప్పుడు పైపులు మార్చడం ఓనరు వంతు అని అందులో ఉంది. కొళాయి వాషరు మార్చుకోవడం, తూములు శుభ్రం చేసుకోవడం మన వంతు. ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల బాడుగ దాటకూడదని కూడా అందులోనే ఉంది. ఇక 1882 నుంచి ఉన్న ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షనులో ఇంకో మాట ఉంది. ఓనరు చేయించాల్సిన మరమ్మతును, మనం నోటీసు ఇచ్చినాక తగిన గడువులో చేయించకపోతే, మనమే చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా బాడుగలో మినహాయించుకోవచ్చు. చేయించాల్సిన బాధ్యత ఓనరుదేనని కాగితం మీద ఉండటం ఇక్కడ ముఖ్యం. మనం సంతకం పెట్టే పదకొండు నెలల అగ్రిమెంట్లలో ఎన్ని పోర్షన్లు, ఎంత బాడుగ, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, ఇవి తప్ప గోడ గురించి ఒక్క ముక్క ఉండదు.

ఖాళీ చేసేటప్పుడు మాత్రం గోడ గుర్తొస్తుంది. పెయింటింగ్ కింద అడ్వాన్సులో ఒక నెల బాడుగ పట్టుకుంటారు. పైపు కారి పాడైన గోడకు రంగు ఖర్చు మనమే ఇస్తాం, డాక్టరు ఖర్చూ మనదే.

ఇంకో సంగతి. మన ఊళ్లో బాడుగిళ్లు మారేది ఎక్కువగా మే నెలలో, పిల్లల బడులు తెరిచేలోపు. కత్తిరి ఎండల్లో ఏ గోడైనా పొడిగానే ఉంటుంది. వేదాయపాళెంలో చూసినా, దర్గామిట్టలో చూసినా, ఒంగోలులో చూసినా అంతే. కాబట్టి ఇల్లు చూడటానికి వెళ్తే మంచి గాలి, మంచి నీళ్లు అని అడిగి వచ్చేయకండి. గోడ అలమర తలుపులు తీసి లోపల తల పెట్టి వాసన చూడండి, మగ్గిన వాసన ఎండాకాలంలో కూడా దాగదు. గదిలో మూడు గోడలు పాతగా ఉండి ఒక్క గోడకే కొత్త రంగు ఉంటే ఎందుకని అడగండి. నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా మాత్రమే పెచ్చులుంటే ఆ చెమ్మ పునాది నుంచి ఎక్కుతోంది, దానికి మీరు చేయగలిగిందేమీ లేదు. పైపోర్షన్ బాత్రూం ఏ గది మీద వస్తుందో చూసుకోండి. వీలైతే పక్క పోర్షన్ వాళ్లను అడగండి, వానల్లో ఎట్టా ఉంటుందక్కా అని. వాళ్లు చెప్పినంత నిజం బ్రోకర్ చెప్పడు.

బూజు తుడిచేటప్పుడు జాగ్రత్త గురించి కూడా చెప్పాలి. పొడి చీపురుతో గీకకండి, ఆ పొడి ఇల్లంతా లేచి పిల్లల ముక్కుల్లోకే పోతుంది. ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు వేసుకుని, సబ్బు నీళ్లలో తడిపిన గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయండి. బ్లీచింగ్ వాడితే బాత్రూం యాసిడ్ దాని దగ్గరకు కూడా తేవద్దు. రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది, మూసిన బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. నీళ్లు వచ్చే దారి ఆపనంతకాలం మాత్రం ఎంత తుడిచినా అది మళ్లీ వస్తుంది.

ఓనర్లూ, ఇల్లు కట్టడానికి మీరు పడ్డ కష్టం, తీరని లోన్లు మాకు తెలియనివి కావు. కారే గోడ మా బీరువానే కాదు, మీ స్లాబులో ఇనుమును కూడా తినేస్తుంది. మేము ఫోన్ చేసి చెప్పడం మీ ఇంటికి మేలే. ఫోన్ ఎత్తి, ఒకసారి కిందికి వచ్చి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి.

బాడుగకున్నవాళ్లు ఈసారి అగ్రిమెంటు మళ్లీ రాసుకునేటప్పుడు ఇది రాయించండి: "వాన నీరు, పైపుల లీకు, పునాది చెమ్మ వల్ల గోడకు వచ్చే నష్టానికి మరమ్మతు ఓనరే, తెలియజేసిన పదిహేను రోజుల్లోపు చేయించాలి, ఆ గోడ రంగు ఖర్చు అడ్వాన్సులో పట్టుకోకూడదు." ఇంట్లో దిగిన రోజే ప్రతి గోడనూ ఫోటో తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపించండి. చెమ్మ కనిపించిన రోజు కూడా ఫోన్‌లో చెప్పి వదిలేయకుండా మెసేజ్ పెట్టండి, తేదీ అందులోనే ఉంటుంది. మా అగ్రిమెంటులో ఆ వాక్యం చేరింది. అంకుల్ కాసేపు ఆలోచించి, పదిహేను రోజులు కాదమ్మా, నెల రాయండి అన్నారు. సరే అన్నాను.