ఒక్క సూది చాలట!

ఎర్రకణాలను కొడవలిలా వంచి నొప్పులు తెచ్చే సికిల్ సెల్ జబ్బుకు జన్యు కత్తెర మందు కాస్‌జెవీకి అమెరికా 2023 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. ఇన్నాళ్లయినా మన వార్తాహరులకు తనివి తీరలేదు. ‘ఒక్క సూదితో శాశ్వత విముక్తి’ ఉగాది పంచాంగంలా మళ్లీ మళ్లీ అచ్చవుతూనే ఉంది. కత్తెర బొమ్మ, మెలితిరిగిన నిచ్చెన బొమ్మ, నవ్వుతున్న పాప బొమ్మ. ఇంకేం కావాలి?

ఆ ‘ఒక్క’కు ఓ దండం పెట్టి మూత తీద్దాం. ముందు కనీసం 8 వారాలు రోగికి రక్తం ఎక్కించాలి, లేదా మార్చాలి. ఆపైన ప్లెరిక్సాఫర్ సూదులు పొడిచి, మజ్జలోని మూలకణాలను నెత్తుట్లోకి తరిమి, మనిషిని యంత్రానికి కట్టి వడగట్టాలి. ఆ కణాలు సారె కట్టుకొని ఫ్యాక్టరీకి వెళ్తాయి. బీసీఎల్11ఏ జన్యువును నడిపే మీటను అక్కడ కత్తిరిస్తారు. ఆ జన్యువు అడ్డు తప్పుకుంటే, పసితనంలోనే ఆగిన పిండ హిమోగ్లోబిన్ తయారీ మళ్లీ మొదలై, కణాలు వంగడం తగ్గుతుందని. ఈ తంతుకు ఆరు నెలల దాకా పట్టొచ్చు. తిరిగొచ్చేవి కిలో బరువుకు 30 లక్షలకు తగ్గకూడదు. తగ్గాయా, మళ్లీ యంత్రం దగ్గరికే.

ఈలోగా ఇల్లు ఖాళీ చేయించాలి. మజ్జలో కాపురమున్న పాత కణాలు ‘రండి, కూర్చోండి’ అనవు కదా. అందుకని బుసల్ఫాన్ అనే కీమో మందు అమీనాను 4 రోజులు నరంలోకి పంపుతారు. వాడు మర్యాదస్తుడు కాదు. సామాను బయటికి విసురుతూ జుట్టు ఊడగొడతాడు, నోరంతా పుండ్లు చేస్తాడు, పోతూ పోతూ సంతాన యోగాన్ని కూడా జేబులో వేసుకుపోవచ్చు. కొత్త కాపురం కుదరకపోతే ఎలాగని, కత్తెర పడని కణాలు కొన్ని ముందే దాచి ఉంచుతారు. ఇదంతా అయ్యాక వస్తుంది, ఆ ఒక్క సూది! ఆపైన ఆసుపత్రిలో ఇంకో 4 నుంచి 6 వారాలు.

మందు పనిచేస్తుంది, అందులో వెటకారం లేదు. ప్రయోగంలో లెక్కకొచ్చిన 31 మందిలో 29 మందికి వరసగా ఏడాదిపాటు తీవ్రమైన నొప్పి రాలేదు. ధర 22 లక్షల డాలర్లు, అంటే 18 కోట్ల రూపాయల పైమాటే. అది మందుకే, మంచానికి వేరే.

మరి ఆ పిండ హిమోగ్లోబిన్‌నే కొంతమేర పెంచే హైడ్రాక్సీయూరియా సంగతి? 1998లోనే అమెరికాలో ఈ జబ్బుకు అనుమతి వచ్చిన గోళీ. పాపం, దానికి కత్తెర లేదు, బొమ్మ పడదు.

దాని కష్టాలు చాలా చిన్నవి. కిలోకు 20 మిల్లీగ్రాముల లెక్కన 10 కిలోల బిడ్డకు రోజుకు 200 కావాలి, చేతికొచ్చేది 500 మిల్లీగ్రాముల గోళీ. కొలిచి ఇచ్చేదెవరు? మోతాదు కుదిరేదాకా నెలనెలా తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు లెక్కపెట్టాలి, పడిపోతే ఆపాలి. ఫలితం కనబడటానికి నెలలు పడుతుంది, మానేస్తే పెరిగిందంతా దిగిపోతుంది. ఉట్నూరు, పాడేరు మన్యాల్లో ఈ జబ్బున్న పిల్లలకు కావలసింది ఈ గోళీ. 7 కోట్ల మందికి ఈ జబ్బు పరీక్షలని 2023 జులైలో మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలుపెట్టారు, మంచిదే. చేతికి పరీక్ష ఫలితం రాసిన కార్డు వచ్చింది. అర్ధరాత్రి ఎముకలు విరుగుతున్నట్టు ఏడ్చే బిడ్డకు కార్డు అరగదీసి పట్టించాలా? గోళీ లేని ఊరికి కత్తెర కథలు చెప్పడానికి నోరెలా వస్తుందయ్యా మీకు!

సరే, బొమ్మే కావాలంటే ఒకటుంది. పరీక్షకు వాడే రసాయనం, అదే రీఏజెంటు, అయిపోయి, గుడ్డ కప్పుకొని మూలన కూర్చున్న రక్తకణాల కౌంటు యంత్రం. ఫొటో పంపితే కత్తెర పక్కన వేస్తారా?