ఆ పాఠకుడు లెక్కగట్టిన 58 రోజులు

పొట్టి శ్రీరాములు వర్ధంతి నాడు మేము ప్రచురించిన వార్తలో, ఆయన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కోసం 56 రోజులు నిరాహార దీక్ష చేసి అసువులు బాశారని రాశాం. ఆ ఒక్క వాక్యంలోనే రెండు తప్పులు దొర్లాయని ఒక పాఠకుడు లేఖ పంపారు. 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట దీక్ష మొదలైంది గనుక ఆ నెలలో 13 రోజులు, నవంబరులో 30, కన్నుమూసిన డిసెంబరు 15తో కలిపి మరో 15, వెరసి 58 అని ఆయన కూడి చూపారు. శ్రీరాములు కోరింది మద్రాసు రాష్ట్రం నుంచి వేరుపడే ఆంధ్ర రాష్ట్రాన్ని. అది కర్నూలు రాజధానిగా 1953 అక్టోబరు 1న ఏర్పడింది. తెలంగాణ జిల్లాలు కలిసి ఆంధ్రప్రదేశ్ అవతరించింది 1956 నవంబరు 1న, ఆయన మరణించిన దాదాపు నాలుగేళ్లకు.

పాఠకుడు చెప్పిన రెండూ నిజం. సవరణను ఇదే పుటలో ఇస్తున్నాం.

ఇంత చిన్న విషయానికి మా సమయం వృథా చేస్తున్నందుకు మన్నించమని ఆయన లేఖ చివర రాశారు. మన్నింపు కోరవలసింది మేము. రోజుల లెక్క తప్పడం అజాగ్రత్త; రాష్ట్రం పేరు తప్పడం అంతకన్నా బరువైనది. 1956 నాటి విలీనం మంచిచెడ్డల మీద రెండు తెలుగు రాష్ట్రాల్లో నేటికీ వాదనలు నడుస్తున్నప్పుడు, 1952లోనే వెళ్లిపోయిన మనిషికి ఆ విలీనపు ఘనతనో నిందనో అంటగట్టడం ఆయనకూ చరిత్రకూ అన్యాయమే.

ఈ తప్పు ఎలా వచ్చిందో దాచనవసరం లేదు. జయంతులు, వర్ధంతుల వార్తలకు నిరుటి ప్రతిని తీసి తేదీ మార్చడం డెస్కులో పాత అలవాటు. ఒకప్పుడైతే అచ్చులో పడిన తప్పు వారం తిరక్కుండానే బజ్జీల పొట్లమై పోయేది. ఇప్పుడు గ్రూప్స్ పరీక్షలకు చదివే అభ్యర్థి దాన్ని ఫోనులో వెతికి పట్టుకుని నోట్సులో రాసుకుంటాడు.

సవరణ వేయడంలోనూ మా తీరు గొప్పగా లేదు. ‘పొరపాటుకు చింతిస్తున్నాం’ అని ఒక మూల రెండు పంక్తులు వేసి, ఆ పొరపాటేమిటో చెప్పకుండా దాటవేసిన రోజులున్నాయి. ముద్రారాక్షసం మీదికి నెట్టిన రోజులూ ఉన్నాయి. సొలొమన్ నార్తప్ అనే నల్లజాతి వ్యక్తి పేరును 1853లో తప్పుగా అచ్చువేసిన న్యూయార్క్ టైమ్స్, ఒకరు ఎత్తిచూపాక 2014లో, అంటే 161 ఏళ్లకు, ఏ అక్షరం తప్పిందో చెప్పి మరీ దిద్దుకుంది. మన దేశంలో ‘ది హిందూ’ 2006లోనే ఇటువంటి ఫిర్యాదులు వినేందుకు రీడర్స్ ఎడిటర్‌ను నియమించింది. మా దగ్గర ఆ బాధ్యత ఇంకా ఎవరికి తీరికుంటే వారిదిగానే ఉంది.

తప్పు పట్టే లేఖలు మాకు తరచూ వస్తాయి. ‘మీకేమీ తెలియదు’ అని నాలుగు పుటలు తిట్టి, ఏ వార్తో చెప్పని లేఖతో ఏం చేయాలో మాకు పాలుపోదు. ఈయన తేదీ, ఎడిషన్, పుట రాసి, మా వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించి, దాని కింద సరైన వాక్యం రాశారు. పాత ఫైళ్లతో సరిచూడటానికి మాకు పది నిమిషాలు పట్టింది. నిరుడు కూడా ఇలాగే రాశారేమో చూడండి అని ఆయన చివర్లో ఒక మాట చేర్చారు. చూశాం. నిరుడే కాదు, అంతకు ముందు రెండేళ్లూ అదే వాక్యం ఉంది. ఆ మూడు వార్తల ఆన్‌లైన్ ప్రతులనూ, సవరించిన తేదీ వేసి, నిన్న దిద్దాం.